అటారీ ఎస్‌టీలో గోటెక్ డ్రైవ్: ఆరు నెలల వాడకం తరువాత

మూడున్నర అంగుళాల ఫ్లాపీ డ్రైవ్ ఉండే చోట అవే కొలతలతో కూర్చుని, ఫ్లాపీకి బదులు పెన్‌డ్రైవ్‌ను తీసుకునే గోటెక్ డ్రైవ్‌ను నేను ఆరు నెలలుగా ఒక అటారీ 1040 ఎస్‌టీఎఫ్‌ఎమ్ కంప్యూటర్‌లో వాడుతున్నాను. ఆ కంప్యూటర్ మీద నేను నడిపేది ఒకే ఒక్క సాఫ్ట్‌వేర్, సంగీతం కూర్చడానికి వాడే సీ-ల్యాబ్ వారి నొటేటర్. డ్రైవ్ మంచిదేనా అని ఎవరైనా అడిగితే మంచిదే అంటాను, కొనమని కూడా చెబుతాను. అయితే పార్సిల్ విప్పిన రోజే దాన్ని కంప్యూటర్‌లో బిగించవద్దని మాత్రం ముందుగానే హెచ్చరించాలి. ఆ హెచ్చరికకు కారణం సమీక్ష చివర్లో చెబుతాను.

ముందు యంత్రం సంగతి. అటారీ సంస్థ ఎస్‌టీ శ్రేణిని 1985లో విడుదల చేసింది. మరుసటి ఏడాది వచ్చిన 1040 నమూనా ఒక మెగాబైట్ మెమరీతో, నలుపు తెలుపు మానిటర్‌తో కలిపి 999 డాలర్లకే దొరకడం ఆ రోజుల్లో పెద్ద వార్త. లోపల ఉన్నది 8 మెగాహెర్ట్జ్‌ల మోటరోలా 68000 ప్రాసెసర్. ఇవాళ చేతి గడియారంలో కూడా అంతకంటె వేగమైన చిప్ ఉంటుంది. కాని ఈ పెట్టె ఎడమ పక్కన మిడి ఇన్, మిడి అవుట్ అని రెండు గుండ్రటి సాకెట్లు ఉన్నాయి. మిడి అంటే వాద్యాలూ కంప్యూటర్లూ స్వరాల ఆజ్ఞలను ఒకదానికొకటి పంపుకునే పద్ధతి. ఆ సాకెట్లతోనే వచ్చే చవకైన కంప్యూటర్లు అప్పట్లో అరుదు. కీబోర్డు వాయించేవారు మరే కార్డూ కొనకుండా, రెండు కేబుళ్లు గుచ్చి పని మొదలుపెట్టగలిగేవారు. అందువల్లే స్టైన్‌బర్గ్ సంస్థ 1989లో క్యూబేస్ అనే సంగీత సాఫ్ట్‌వేర్‌ను మొదట ఈ యంత్రం మీదనే విడుదల చేసింది, సీ-ల్యాబ్ సంస్థ క్రియేటర్, నొటేటర్‌లను దీని కోసమే రాసింది. ఫ్యాట్‌బాయ్ స్లిమ్ అన్న పేరుతో ప్రసిద్ధుడైన నార్మన్ కుక్ తన పాటలను ఏళ్ల తరబడి దీని మీదనే కట్టుకున్నాడు. నొటేటర్ రాసిన గెర్హార్డ్ లెంగెలింగ్, క్రిస్ ఆడమ్ తరువాత ఈమ్యాజిక్ అనే సంస్థ పెట్టి లాజిక్ అనే సంగీత సాఫ్ట్‌వేర్‌ను తయారుచేశారు. 2002లో ఆపిల్ ఆ సంస్థను కొనేసింది. నేటి స్టూడియోల్లో మ్యాక్ మీద నడిచే లాజిక్‌కు నొటేటర్ ఒక విధంగా తాతగారు.

నా దగ్గరున్న అటారీ నాది కాదు, మా మాస్టారిది. 1990లో ఆయన దాన్ని తెలిసినవారి ద్వారా సింగపూర్ నుంచి తెప్పించుకున్నారు. ఆ తరువాత పదేళ్లపాటు భక్తి గీతాల క్యాసెట్లకు, నాటకాల నేపథ్య సంగీతానికి దాని మీదనే ప్రోగ్రామింగ్ చేశారు. నేను ఆయన దగ్గర సహాయకుడిగా చేరినప్పుడు నాకు అప్పగించిన మొదటి పని ఫ్లాపీల మీద చీటీలు అంటించడం. ఆయన పోయిన మూడేళ్లకు వారి అమ్మాయి ఫోన్ చేసి, “అన్నయ్యా, అటక మీద నాన్నగారి కంప్యూటరూ, రెండు డబ్బాల డిస్కులూ ఉన్నాయి. ఇల్లు రంగులు వేయిస్తున్నాం, పారేయమంటావా?” అని అడిగింది. ఆ సాయంత్రమే ఆటో కట్టించుకుని వెళ్లి తెచ్చుకున్నాను. లెక్కపెడితే 126 ఫ్లాపీలు తేలాయి.

వాటిలో ఉన్నది రికార్డింగు కాదు, స్వరాల లెక్క. ఏ మీట ఎప్పుడు నొక్కారు, ఎంత బలంగా నొక్కారు, స్వరాన్ని పైకీ కిందికీ వంచే పిచ్ వీల్ అనే చక్రాన్ని ఎటు ఎంత తిప్పారు అన్నది మాత్రమే మిడి సమాచారంగా అందులో ఉంటుంది. మా మాస్టారు వేణువు, షెహనాయి శబ్దాలను కీబోర్డు మీద పలికించేటప్పుడు గమకం మొత్తాన్ని ఎడమ చేతి పిచ్ వీల్‌తోనే తెచ్చేవారు. నొటేటర్‌లో ఈవెంట్ లిస్టు తెరిస్తే ఆ చేయి కదిలిన తీరు అంకెల్లో కనిపిస్తుంది. మధ్యస్థానం నుంచి పైకి, కిందికి వరుసగా విలువలు. రిషభం మీద ఆయన ఊపు ఎంత వెడల్పుగా మొదలై ఎలా సన్నబడిందో ఆ వరుసలో చదువుకోవచ్చు. క్యాసెట్ల మాస్టర్ టేపులు ఎవరి దగ్గరా మిగలలేదు కనుక ఆయన వేళ్ల జాడ ఈ ఫ్లాపీల్లోనే ఉంది.

ఆ ఫైళ్లను ప్రామాణిక మిడి ఫైళ్లుగా మార్చి కొత్త సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. మార్చవచ్చు, నేనూ మార్చాను. కాని నొటేటర్‌లో క్వాంటైజ్ చేసినా, అంటే స్వరాలను తాళానికి సరిగ్గా సర్దినా, అసలు వాయించిన సమయాలు చెరిగిపోవు. అది వాయింపుకు తొడిగిన తొడుగులాంటిది, ఎప్పుడైనా తీసేయవచ్చు. మిడి ఫైలుగా మార్చాక ఆ వెసులుబాటు ఉండదు. పల్లవికి ఒక ప్యాటర్న్, చరణానికి ఒక ప్యాటర్న్ అని ఆయన విడదీసుకున్న అమరిక కూడా ఒకే పొడవాటి ట్రాకుగా కరిగిపోతుంది. స్వరపత్రం పేజీ మీద ఆయన చేర్చుకున్న మాటలు నేను మార్చిన మిడి ఫైళ్లలో కనబడలేదు. కాబట్టి అసలు సాఫ్ట్‌వేర్ అసలు యంత్రం మీద తెరుచుకోగలిగే స్థితిలో ఉండటం నాకు అవసరం, ఏదో పాత సామాను మీద మోజు కాదు.

ఇక కాలం విషయంలో కూడా ఈ యంత్రానికి ఒక గుణం ఉంది. మిడి సెకనుకు 31,250 బిట్ల వేగంతో నడుస్తుంది. ఒక స్వరాన్ని మోగించే ఆజ్ఞకు మూడు బైట్లు, బైటుకు పది బిట్ల చొప్పున ముప్ఫై బిట్లు, అంటే సుమారు 0.96 మిల్లీసెకన్లు పడుతుంది. ఎస్‌టీలో మిడి చిప్ నేరుగా ప్రాసెసర్‌కు తగిలి ఉండటం వల్ల, ఒకేసారి ఒకే ప్రోగ్రామ్ నడవడం వల్ల ఆ ఆజ్ఞ అనుకున్న క్షణానికే బయలుదేరుతుంది. మధ్యలో యూఎస్‌బీ వంతులు, ఆపరేటింగ్ సిస్టమ్ పంపకాలు ఉండవు. అలాగని దీన్ని మంత్రశక్తిగా చెప్పేవారితో నేను ఏకీభవించను. ఒకే కేబుల్ మీద పదహారు ఛానళ్లూ నింపి, పైన గమకాల కోసం పిచ్ బెండ్ వరద పారిస్తే అటారీ అయినా మద్దెల దెబ్బను ఆలస్యంగానే పంపుతుంది. మా మాస్టారు అందుకే వేణువు ట్రాకులో అవసరంలేని విలువలను ఒక్కొక్కటిగా ఏరి తీసేసేవారు. ఆ ఏరివేత కూడా ఈవెంట్ లిస్టులో చూడగానే తెలిసిపోతుంది.

ఇప్పుడు సమీక్షకు వచ్చిన వస్తువు. గోటెక్ సంగీతకారుల కోసం పుట్టింది కాదు. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ యంత్రాలకు, కర్మాగారాల్లో కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ కోత యంత్రాలకు, ఫ్లాపీ తప్ప మరో ద్వారం తెలియని పాత కీబోర్డులకు పెన్‌డ్రైవ్ అలవాటు చేయడానికి పుట్టిన డ్రైవ్ ఇది. ముందు భాగంలో ఒక యూఎస్‌బీ సాకెట్, రెండు బటన్లు, మూడు అంకెల ఎర్ర దీపాల డిస్‌ప్లే ఉంటాయి. కంపెనీ నుంచి వచ్చే ఫర్మ్‌వేర్‌తో, అంటే డ్రైవ్‌ను లోపలి నుంచి నడిపే ప్రోగ్రామ్‌తో, ఇది పెన్‌డ్రైవ్‌ను వంద గళ్లుగా విభజించి, ఒక్కో గడిని ఒక్కో ఫ్లాపీగా చూపిస్తుంది. ఆ పద్ధతి అటారీకి పనికిరాదు. నేను కొన్న రకం 1.44 మెగాబైట్ల పీసీ ఫ్లాపీలనే ఎరుగును. ఎస్‌టీకి కావలసింది డబుల్ డెన్సిటీ ఫ్లాపీ, మామూలుగా 720 కిలోబైట్లు.

ఇక్కడే నాకు మొదటి దెబ్బ తగిలింది. అటారీకి సిద్ధంగా ఉన్నది పంపుతామని చెప్పిన ఒక ఆన్‌లైన్ అమ్మకందారు, ఫర్మ్‌వేర్ ఏమీ మార్చని మామూలు డ్రైవ్‌ను పంపాడు. తిరిగి పంపిద్దామంటే పార్సిల్ ఖర్చు నాదేనన్నాడు. చివరికి నేనే మార్చుకున్నాను. ఎవరైనా కొనేటప్పుడు ‘ఫ్లాష్‌ఫ్లాపీ ఎక్కించిందేనా’ అని ఆ మాటతోనే అడగండి, ‘అటారీకి పనిచేస్తుందా’ అని అడగకండి. రెండో ప్రశ్నకు అందరూ పనిచేస్తుందనే చెబుతారు.

ఫ్లాష్‌ఫ్లాపీ అనేది కియర్ ఫ్రేజర్ రాసిన ఉచిత ఫర్మ్‌వేర్. సోర్స్ కోడ్ కూడా బహిరంగంగానే దొరుకుతుంది. ఈ డ్రైవ్ విలువలో ముప్పాతిక వంతు నిజానికి దానిదే. దాన్ని ఎక్కించాక పెన్‌డ్రైవ్‌ను గళ్లుగా విడగొట్టాల్సిన పని ఉండదు. మామూలుగా ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, ఒక్కో ఫ్లాపీ ప్రతిరూపాన్ని, అంటే ఫ్లాపీ మొత్తానికి నకలును, ఒక్కో ఫైలుగా, మనకు నచ్చిన పేరుతో, ఫోల్డర్లు కట్టి పెట్టుకోవచ్చు. అటారీవారి ఎస్‌టీ రకం ప్రతిరూప ఫైళ్లను అది నేరుగా చదువుతుంది. నా దగ్గర కొన్ని ఎంఎస్ఏ రకం ప్రతిరూపాలు ఉంటే వాటిని ముందు పీసీలో ఎస్‌టీ రకానికి మార్చి వేసుకున్నాను. ఎక్కించడానికి డ్రైవ్ మూత విప్పి, బోర్డు మీద బూట్ అని రాసి ఉన్న రెండు పిన్నులను జంపర్‌తో కలిపి, రెండు వైపులా ఒకే రకం కొన ఉన్న యూఎస్‌బీ కేబుల్‌తో పీసీకి తగిలించాలి. పాత బోర్డుల మీద ఎస్‌టీఎమ్32 చిప్, తరువాతి వాటి మీద ఆర్టెరీ సంస్థ చిప్ ఉంటాయి. రెండింటికీ ఎక్కించే సాధనాలు వేరు కనుక ముందు చిప్ మీది అక్షరాలు భూతద్దంతో చూసుకోవాలి. నేను చూడకుండా ఒక గంట వృథా చేసుకున్నాను. ఒక్కసారి ఎక్కాక మాత్రం తరువాతి మార్పులన్నీ పెన్‌డ్రైవ్‌లో కొత్త ఫైలు వేసి, రెండు బటన్లూ నొక్కి పట్టుకుని కరెంటు ఇస్తే చాలు, మూత విప్పక్కరలేదు.

మూడు అంకెల డిస్‌ప్లేతోనే సరిపెట్టుకోవద్దని నా సలహా. 0.91 అంగుళాల ఓఎల్ఈడీ తెర, ఒక తిప్పుడు బటన్ కోఠి గుజరాతీ గల్లీలో 430 రూపాయలకు దొరికాయి. కొన్ని తీగల సోల్డరింగ్ పని. అవి లేకపోతే ‘047లో ఏ పాట ఉంది’ అని కాగితం పెట్టుకోవాలి. ఉంటే ఫైలు పేరే కనబడుతుంది. తెలుగు లిపిలో పెట్టిన పేర్లు మాత్రం నా తెర మీద రాలేదు. ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టుకోవలసి వచ్చింది. డ్రైవ్ 2,200 రూపాయలు, తెర, బటన్ 430, బిగించడానికి త్రీడీ ప్రింటింగ్‌లో చేయించిన బిళ్ల 300, వెరసి 2,930 అయ్యింది.

ఆ బిళ్ల ఎందుకంటే, ఎస్‌టీ పెట్టె కుడి పక్కన ఫ్లాపీ నోరు దగ్గర ప్లాస్టిక్ వంపు తిరిగి ఉంటుంది. గోటెక్ ముఖం బల్లపరుపుగా ఉంటుంది. నా డ్రైవ్‌ను నేరుగా పెడితే యూఎస్‌బీ సాకెట్ ఆ వంపు వెనక దాక్కుంది, స్క్రూ రంధ్రాలు కూడా ఒకటి కలిస్తే ఇంకొకటి కలవలేదు. పెట్టెకు రంపం పెట్టి కోసుకున్నవారు ఉన్నారు. మా మాస్టారి యంత్రానికి ఆ పని చేయడానికి నాకు చేతులు రాలేదు. లోపలి కనెక్షన్ల విషయంలో రెండు జాగ్రత్తలు. నా డ్రైవ్‌లో ఎంపిక జంపర్ ఎస్1 మీద ఉండి వచ్చింది, అటారీకి అది ఎస్0 మీద ఉండాలి. ముప్ఫై నాలుగు పిన్నుల రిబ్బన్ కేబుల్‌ను తలకిందులుగా పెట్టకుండా అడ్డుపడే గాడి నా డ్రైవ్‌లో లేదు. మొదటిసారి నేను తిరగేసే పెట్టాను. డెస్క్‌టాప్ మీద ఎ డ్రైవ్ బొమ్మ మీద రెండుసార్లు నొక్కితే, డ్రైవ్ స్పందించడం లేదని, ఫ్లాపీ పెట్టారో లేదో చూసుకోమని పెట్టె వచ్చింది. కేబుల్ తిప్పి పెట్టగానే సర్దుకుంది, దేవుడి దయవల్ల ఏదీ కాలలేదు.

వాడకంలో ఎలా ఉందంటే, మొదటి రోజు కొంచెం నిరాశపడతారు. పెన్‌డ్రైవ్ కదా, మెరుపులా వస్తుందనుకుంటాం. రాదు. ఎస్‌టీ ఫ్లాపీ చిప్ ఏ వేగంతో అడుగుతుందో ఆ వేగంతోనే ఇది అందిస్తుంది. నొటేటర్ లోడయ్యేందుకు పట్టే సమయం పాత డ్రైవ్‌తో ఎంతో దీనితోనూ దాదాపు అంతే. తేడా అంతా నిశ్శబ్దంలో ఉంది. అలవాటైన ఆ గరగర, టకటక వినబడకపోతే యంత్రం పనిచేస్తోందో లేదో తెలియక మొదట తడబడ్డాను. చిన్న స్పీకర్ తగిలిస్తే ఆ చప్పుడు కూడా చేసి చూపించే ఏర్పాటు ఫ్లాష్‌ఫ్లాపీలో ఉంది. నేను పెట్టుకోలేదు. తెర మీద మారే ఫ్లాపీ ట్రాక్ (ఫ్లాపీ మీది వలయం) సంఖ్య చూస్తే చాలు.

అసలు జాగ్రత్త అవసరమయ్యేది ఫ్లాపీ మార్చేటప్పుడు. ఎస్‌టీకి ఫ్లాపీ మారిందని చెప్పే ప్రత్యేకమైన తీగ ఏదీ లేదు. ఫ్లాపీని బయటికి లాగినప్పుడు, లోపలికి తోసినప్పుడు, ఫ్లాపీ మీద రాయవచ్చో లేదో చెప్పే రాత రక్షణ సంకేతం ఒక్క క్షణం మారుతుంది, దాన్ని చూసి అది గ్రహిస్తుంది. గోటెక్‌లో తిప్పుడు బటన్‌తో ఒక ప్రతిరూపం నుంచి మరొకదానికి చకచకా దూకితే, కంప్యూటర్ ఇంకా పాత ఫ్లాపీయే ఉందనుకునే ప్రమాదం ఉంది. అలాంటి స్థితిలో ఫైలు సేవ్ చేస్తే పాత ఫ్లాపీ విషయసూచికను కొత్త ఫ్లాపీ మీద రాసేస్తుంది, అంతటితో ఆ ఫ్లాపీ సంగతి గోవిందా. అందుకని నేను బటన్ నొక్కి ముందు ఫ్లాపీని ‘బయటికి తీస్తాను’, మనసులో మూడు అంకెలు లెక్కపెడతాను, కొత్తది ఎంచుకుంటాను, డెస్క్‌టాప్‌కు వచ్చి ఎస్కేప్ మీట నొక్కుతాను. ఎస్కేప్ నొక్కితే ఆ విండోలోని పట్టికను అది మళ్లీ చదువుతుంది. పాట పేర్లు మారాయని కళ్లతో చూశాకే నొటేటర్‌లోకి వెళతాను. ఆరు నెలల్లో ఒక్క ఫైలు కూడా పోలేదు. సేవ్ చేశాక ట్రాక్ సంఖ్య కదలిక ఆగేదాకా పెన్‌డ్రైవ్‌ను లాగకూడదన్నది వేరే చెప్పనక్కరలేదు.

ఇక ఈ డ్రైవ్ చేయలేనివి. అటారీ కాలపు పెద్ద సంగీత సాఫ్ట్‌వేర్‌కు తాళం ఫ్లాపీలో ఉండేది కాదు, డాంగిల్‌లో ఉండేది. ఎడమ పక్క కార్ట్రిడ్జ్ నోట్లో గుచ్చే ఆ చిన్న డబ్బా లేకపోతే నొటేటర్ గాని, క్యూబేస్ గాని నడవవు. ఫ్లాపీ ప్రతిరూపాలు ఎన్ని పోగుచేసినా డాంగిల్ పోతే అవన్నీ తాళం చెవి లేని బీరువాలే. కాబట్టి యంత్రం కొనబోయేవారు ముందు డాంగిల్ ఉందా అని అడగాలి, తరువాతే ధర అడగాలి. మా మాస్టారి డాంగిల్ కంప్యూటర్‌కే గుచ్చి ఉండబట్టి బతికిపోయాను. కరెంటు ఉండగా దాన్ని పెట్టడం, తీయడం ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు. దాని అంచు పిన్నుల మీద పేరుకున్న నల్లటి పొరను మాత్రం పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది తీశాను. అంతకుముందు నాలుగుసార్లకు ఒకసారి తెరుచుకునే నొటేటర్ ఆ తరువాత ప్రతిసారీ తెరుచుకుంటోంది.

రెండో పరిమితి ఈ సమీక్ష మొదట్లో చెప్పిన హెచ్చరికకు మూలం. గోటెక్‌కు ఫ్లాపీని మింగే నోరు లేదు. అది పాత ఫ్లాపీలను చదవదు, వాటి ప్రతిరూపాలను మాత్రమే నడుపుతుంది. ఉన్న ఒక్క ఫ్లాపీ డ్రైవ్‌ను విప్పి దీన్ని బిగించాక, డబ్బాలో ఉన్న 126 ఫ్లాపీలను ఏ దారిన లోపలికి తెస్తారు? చాలామంది పాత డ్రైవ్‌ను తుక్కు కింద పారేసి, ఆ తరువాత చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు బజారులో యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ కోసం వెతుకుతారు. అది సగమే పనికొస్తుంది. మామూలు 720 కిలోబైట్ల ఫ్లాపీలనైతే చదవవచ్చు. కాని ఎస్‌టీ వాడినవారు ఒక్కో ట్రాకుకు తొమ్మిది సెక్టర్ల (ట్రాకులోని ముక్కల) బదులు పది పెట్టి 800 కిలోబైట్లు పట్టించుకునేవారు, కొందరు ఎనభై ట్రాకులు దాటి ఇంకో రెండు లాగేవారు. మా మాస్టారు ఫ్లాపీ ఖరీదు చూసి సగానికి సగం అలాగే ఫార్మాట్ చేశారు. యూఎస్‌బీ డ్రైవ్‌కు అవి ఖాళీ ఫ్లాపీల్లా కనబడ్డాయి, ‘ఫార్మాట్ చేయనా’ అని కూడా అడిగింది. వద్దని నొక్కేటప్పుడు నా చేయి వణికిన మాట నిజం.

చివరికి పని జరిపించింది గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డు. దీన్ని రూపొందించింది కూడా ఆ కియర్ ఫ్రేజరే. ఇది ఫ్లాపీలోని ఫైళ్లను కాదు, అయస్కాంతపు మార్పులనే ఉన్నదున్నట్టు పీసీకి చేరవేస్తుంది. ఏ కొలతల్లో ఫార్మాట్ చేసినా దానికి తేడా ఉండదు. సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ల బజారులో పాత పీసీ విడిభాగాల మధ్య దొరికిన ఒక మామూలు ఫ్లాపీ డ్రైవ్‌కు దాన్ని తగిలించి ఫ్లాపీలు చదివించాను.

చదివించే ముందు శుభ్రం చేయాలి. మన తేమకు అటక మీద ఉన్న ఫ్లాపీలకు బూజు పట్టక మానదు. ఇనుప షట్టరును ఒక పక్కకు లాగి దీపం కింద పెడితే, గోధుమరంగు చక్రం మీద సన్నటి తెల్ల చుక్కలు, కొన్నిచోట్ల సాలెగూడు నమూనా కనబడుతుంది. అలాగే డ్రైవ్‌లో పెడితే ఆ బూజు డ్రైవ్‌లో ఫ్లాపీని చదివే తలకు అంటుకుని, అది తరువాతి ఫ్లాపీ మీద గీత గీస్తుంది. ఒక చెడ్డ ఫ్లాపీ పది మంచివాటిని పాడుచేయగలదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి పిండిన ఇయర్ బడ్‌ను చక్రం మీద ఆనించి, వెనక ఉన్న లోహపు బిళ్లను వేలితో నెమ్మదిగా తిప్పుతూ పోవాలి. ఒక వైపు పూర్తయ్యేసరికి బడ్ లేత గోధుమరంగుకు తిరిగితే మురికి, ముదురు రంగులో పొడిలా రాలితే అయస్కాంతపు పూతే ఊడుతోందని అర్థం, వెంటనే ఆపాలి. ప్రతి నాలుగైదు ఫ్లాపీలకు డ్రైవ్ తలను కూడా తుడిచాను. రోజుకు పది చొప్పున, దాదాపు రెండు వారాలు పట్టింది. 97 ఫ్లాపీలు పూర్తిగా వచ్చాయి. 18 ఫ్లాపీల్లో కొన్ని సెక్టర్లు రాలేదు. 11 అసలు పలకలేదు. పలకనివాటిలో మూడు నేనే స్వయంగా చీటీ అంటించినవి, ఆ దస్తూరీ చూసి కాసేపు పని ఆపేశాను.

ఈ లెక్క అయ్యాకే గోటెక్‌ను బిగించాను. అందుకే అది నాకు నచ్చింది. 97 ప్రతిరూపాలూ ఒక వేలెడు పెన్‌డ్రైవ్‌లో ఇమిడి, వాటి నకలు మరో రెండు చోట్ల భద్రంగా ఉన్నాయి. ఏ పాటనైనా అరనిమిషంలో ఎంచుకుని, అదే నలుపు తెలుపు మానిటర్ మీద, అదే నొటేటర్‌లో తెరిచి వినగలుగుతున్నాను. క్రమం తిరగబడి ఉంటే ఈ డ్రైవ్‌ను తిట్టుకుంటూ వేరే సమీక్ష రాసేవాడిని.

దీనికి బదులు ఇంకేమైనా కొనవచ్చా అంటే రెండు మాటలు. వేగమే ముఖ్యమనుకునేవారికి అల్ట్రాసాటన్ లాంటి ఎస్‌డీ కార్డు హార్డ్ డిస్కులు ఉన్నాయి. అవి వెనక హార్డ్ డిస్కు కోసం ఉన్న డీఎంఏ పోర్టుకు తగులుతాయి, ఎన్నో రెట్లు వేగంగా లోడవుతాయి, పెట్టె విప్పే పని కూడా ఉండదు. కాని నావంటి ఫ్లాపీల కట్ట ఉన్నవాడికి ఒక్కో ఫ్లాపీని ఫ్లాపీగానే చూపించే గోటెక్ సులువు. యంత్రమే అక్కర్లేదు, పాత ఫ్లాపీలో ఏమున్నదో చూస్తే చాలుననుకునేవారికి, అటారీని అనుకరించే హతారి అనే ఉచిత ఎమ్యులేటర్ లినక్స్, విండోస్, మ్యాక్‌లన్నింటి మీదా నడుస్తుంది. ప్రతిరూపాలు సరిగా వచ్చాయో లేదో పరీక్షించడానికి నేను మొదట దాన్నే వాడాను. తాళం సరిగ్గా నిలబడాల్సిన వాయింపుకు మాత్రం నాకు అసలు యంత్రమే సుఖంగా ఉంది. ఇందులో సగం నా చెవి, సగం నా అలవాటు కావచ్చు.

మార్కులు వేయమంటే ఫ్లాష్‌ఫ్లాపీ, తెర, తిప్పుడు బటన్ ఉన్న గోటెక్‌కు అయిదింట నాలుగున్నర వేస్తాను. పెట్టెలో సరిగా కూర్చోనందుకు, కేబుల్ తిరగబడకుండా అడ్డులేనందుకు అర మార్కు కోత. కంపెనీ ఫర్మ్‌వేర్‌తో వచ్చే మామూలు డ్రైవ్‌కు ఎస్‌టీ యజమాని దృష్టిలో ఒకటిన్నర కంటె ఎక్కువ రావు.

పాత ఎప్సన్ డ్రైవ్‌ను విప్పి, తలకు మెత్తటి కాగితం అడ్డుపెట్టి, ప్లాస్టిక్ సంచిలో బీరువాలో ఉంచాను. పోయిన వారం ఒకాయన అది అమ్ముతారా అని అడిగాడు, మంచి ధరే ఇస్తానన్నాడు. ఆ సగం వచ్చిన 18 ఫ్లాపీలు మొదట రాసింది ఆ తలతోనే కనుక, వాటిని మరోసారి ఆ డ్రైవ్‌లోనే పెట్టి చదివించి చూడాలని ఉంది. అమ్మనని చెప్పాను.